రోడ్ బైక్‌కి చక్రాలు కట్టించుకుంటున్నారా? రిమ్ములు, హబ్బులు ఎంచుకునే పద్ధతి

బైక్‌తో పాటు కంపెనీ ఇచ్చిన చక్రాలతో రెండు మూడేళ్లు గట్టిగా తొక్కాక, వెనక చక్రంలో స్పోకులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం మొదలవుతుంది. ఒకటి మార్చిస్తారు, నెల తిరక్కుండానే ఇంకోటి తెగుతుంది. అప్పుడు రెడీమేడ్ చక్రాల జత కొనాలా, విడిభాగాలు తెచ్చి కట్టించుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. రోజూ తొక్కేవాళ్లకీ, దూరాలు వెళ్లేవాళ్లకీ నేను కట్టించుకోమనే చెబుతాను. మీ బరువుకీ, మీరు వెళ్లే దారికీ సరిపోయేలా ఎంచుకోవచ్చు. రేపు గుంతలో పడి రిమ్ము (టైరు కూర్చునే బయటి వలయం) పోతే రిమ్ము ఒక్కటే మార్చుకోవచ్చు.

ఈ ఆఖరి మాటలోనే ఎంపిక అంతా ఉంది. రిమ్ము అరిగిపోయే వస్తువు. మంచి హబ్బు (చక్రం మధ్యలో స్పోకుల్ని పట్టి ఉంచే భాగం) మాత్రం మూడు నాలుగు రిమ్ములు మారినా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే బడ్జెట్ బిగుతుగా ఉంటే హబ్బు మీద ఎక్కువ పెట్టండి, రిమ్ము మధ్యరకంది తీసుకోండి. చాలామంది దీన్ని తిరగేసి, డబ్బంతా తేలికైన రిమ్ముల మీద పెడతారు.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. రిమ్ బ్రేకులున్న (ప్యాడ్లు రిమ్ము గోడనే పట్టి ఆపే రకం) అల్యూమినియం బైక్, షిమానో 105 గేర్ల సెట్టు, వెనక పదకొండు గేర్లు, 82 కిలోల రైడరు. హైదరాబాద్ చుట్టుపక్కల తొక్కుతూ, వీలైనప్పుడు 200, 300 కి.మీ. బ్రెవేలకి (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లకి) వెళ్తుంటాడు.

1. ముందు ఫ్రేము కొలతలు రాసుకోండి

రిమ్ బ్రేకు రోడ్ బైక్ అయితే ముందు ఫోర్కు లోపలి దూరం 100 మి.మీ., వెనక 130 మి.మీ. ఉంటుంది, క్విక్ రిలీజ్ యాక్సిల్ (మీటతో బిగించే సన్న ఇరుసు) పడుతుంది. ఇప్పటి డిస్క్ బైకుల్లో ఎక్కువగా 12 మి.మీ. త్రూ యాక్సిల్ (ఫ్రేములోంచి దూర్చి మరతో బిగించే లావు ఇరుసు), ముందు 100, వెనక 142. డిస్కులు కొత్తగా వచ్చిన రోజుల నాటి కొన్ని బైకుల్లో వెనక 135 మి.మీ. క్విక్ రిలీజ్ ఉంది. కాబట్టి ఊహించకండి, స్కేలు పెట్టి కొలవండి. డిస్క్ అయితే రోటరు (బ్రేకు పళ్లెం) ఆరు బోల్టులదా, సెంటర్‌లాకా (మధ్యలో ఒకే రింగుతో బిగించేదా) అన్నది కూడా రాసుకోండి.

తర్వాత క్యాసెట్, అంటే వెనక పళ్లచక్రాల కట్ట. హబ్బు మీద అది ఎక్కే భాగమే ఫ్రీహబ్ బాడీ. షిమానో పదకొండు గేర్ల రోడ్ ఫ్రీహబ్ బాడీ, పాత 8, 9, 10 గేర్ల బాడీ కంటే 1.85 మి.మీ. పొడుగు. అందుకే పాత హబ్బు మీద పదకొండు గేర్ల రోడ్ క్యాసెట్ మామూలుగా కూర్చోదు. షిమానో పన్నెండు గేర్ల రోడ్ క్యాసెట్లు మాత్రం పదకొండు గేర్ల బాడీ మీదే ఎక్కుతాయి. శ్రామ్‌లో పది పళ్లతో మొదలయ్యే క్యాసెట్‌కి ఎక్స్‌డీఆర్ అనే వేరే రకం బాడీ కావాలి. క్యాంపాగ్నోలో కంపెనీది వేరే పద్ధతి. రేపు గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు) మార్చే ఆలోచన ఉంటే, ఫ్రీహబ్ బాడీ విడిగా దొరికే హబ్బునే చూడండి.

రోడ్ బైక్ రిమ్ము 700సీ, అంటే టైరు కూర్చునే చోట వ్యాసం 622 మి.మీ. పెట్టె మీద ఆ 622 అంకె చూసి కొనండి. 28 అంగుళాలు అని చెప్పి ఇచ్చేవాటిలో 635 మి.మీ. పాతరకం సైకిల్ రిమ్ములు కూడా ఉంటాయి. వాటికి మీ టైరు పట్టదు.

2. టైరు తేల్చుకున్నాకే రిమ్ము వెడల్పు

రిమ్ముకి చూడాల్సిన మొదటి కొలత లోపలి వెడల్పు. రెండు గోడల మధ్య టైరు కూర్చునే ఖాళీ అన్నమాట. పాత మావిక్ ఓపెన్ ప్రోలో అది 15 మి.మీ. ఉండేది, 23 మి.మీ. టైర్ల కాలానికి అదే సరిపోయింది. ఇప్పుడు 19 నుంచి 21 మామూలైంది, డిస్క్ రిమ్ముల్లో 23, 25 కూడా వస్తున్నాయి. వెడల్పు పెరిగితే టైరు పక్కలకి విచ్చుకుంటుంది, మలుపుల్లో ఒరగదు, కొంచెం తక్కువ గాలితోనే నడపొచ్చు. మన రోడ్ల మీద ఆ తగ్గించిన గాలి చేతులకీ నడుముకీ ఎంత హాయి ఇస్తుందో మొదటి రోజే తెలుస్తుంది.

25 టైరుకి 17 నుంచి 19, 28 టైరుకి 19 నుంచి 21, 32 టైరుకి 21 నుంచి 23 మి.మీ. లోపలి వెడల్పు బాగా కుదురుతుంది. రిమ్ము వెడల్పు ఒక మి.మీ. పెరిగితే టైరు దాదాపు 0.4 మి.మీ. లావెక్కుతుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా రిమ్ బ్రేకు బైక్‌లో ఇబ్బంది పెడుతుంది. 105 ఆర్7000 బ్రేకు కాలిపర్‌కి (టైరు మీదుగా ప్యాడ్లని పట్టి ఉంచే భాగానికి) షిమానో చెప్పే హద్దు 28 టైరు. అంతకన్నా ముందుతరం కాలిపర్లలో చోటు ఇంకా తక్కువ. వెడల్పు రిమ్ము మీద 28 అని రాసి ఉన్న టైరు 30 దాకా వెళ్లి పైన కాలిపర్‌కి రాసుకోవచ్చు. మన ఉదాహరణకి లోపల 19 లేదా 20 మి.మీ. ఉన్న రిమ్ము, 28 టైరు సరైన జోడీ.

హుక్‌లెస్ రిమ్ముల గురించి ఒక హెచ్చరిక. టైరు అంచుని పట్టి ఉంచే కొక్కెం వీటి గోడల్లో ఉండదు. వీటిలో గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. హుక్‌లెస్‌కి సరిపడతాయని తయారీదారు చెప్పిన ట్యూబ్‌లెస్ టైర్లే వాడాలి. 82 కిలోల మనిషికి 28 టైరులో వెనక చక్రానికి కావాల్సిన గాలి ఆ హద్దు దగ్గరికే వస్తుంది. పెట్రోలు బంకు దగ్గరో పంక్చరు షాపులోనో గాలి కొట్టించుకునే సందర్భాలు మనకి ఉంటాయి, అక్కడి గేజి అంత కచ్చితంగా ఉండదు. రోడ్ బైక్‌కి కొక్కెం ఉన్న రిమ్మే తీసుకోమంటాను.

ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే రిమ్మా అన్నది తప్పక చూడండి. ఈరోజు ట్యూబే వాడుతున్నా సరే. సర్కారు తుమ్మ కంపలు ఉన్న ఊరి రోడ్లలో తొక్కేవాళ్లకి సీలెంట్ (కన్నాలు పూడ్చే ద్రవం) పోసిన ట్యూబ్‌లెస్ టైరు చాలా ముళ్లని దానంతటదే మూసేసుకుంటుంది.

3. రిమ్ములో ఇంకేం చూడాలి

రిమ్ బ్రేకు చక్రానికి అల్యూమినియం రిమ్మే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అనంతగిరి దిగుడైనా, అరకు ఘాట్ దిగుడైనా బ్రేకు వేడంతా రిమ్ము గోడలోకే పోతుంది. కార్బన్ రిమ్ములో ఆ వేడికి జిగురు మెత్తబడే ప్రమాదం ఉంది, వానలో బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. డిస్క్ బైక్‌కి ఈ బాధ లేదు కాబట్టి అక్కడ కార్బన్ ఎంచుకోవచ్చు.

అల్యూమినియం రిమ్ముల్లో రెండు చివరలు కలిపిన చోటు చూడండి. వెల్డు చేసి నున్నగా చెక్కినది బ్రేకు వేసినప్పుడు టకటకలాడదు. బ్రేకు గోడ మీద అరుగుదల గుర్తు ఉండాలి. సన్నని గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటుంది, అది కనిపించకుండా పోయిన రోజు రిమ్ము మార్చేయాలి. వానాకాలంలో బ్రేకు ప్యాడ్లలో ఇరుక్కునే ఇసుక రిమ్ముని ఎంత వేగంగా తినేస్తుందో చూసినవాళ్లు ఈ గుర్తుకి విలువ ఇస్తారు.

బరువు సంగతి. అల్యూమినియం రిమ్ము ఒక్కోటి 430 నుంచి 540 గ్రాముల మధ్య ఉంటుంది. 100 గ్రాములు తేలికైనవి కొంటే రెండింటికీ కలిపి 200 గ్రాములు తగ్గుతాయి. మనిషి, బైక్ కలిపి 91 కిలోలు అనుకుంటే అది 0.22 శాతం. అంచున తిరిగే బరువు వేగం పెంచేటప్పుడు రెండింతలుగా లెక్కకి వస్తుందన్నది నిజమే. అలా చూసినా అర శాతం లేదు, పైగా ఎత్తు ఎక్కేటప్పుడు ఆ రెండింతల లెక్క వర్తించదు. ఆ 100 గ్రాముల లోహం గట్టితనంగా ఉంటే, గుంతలో పడ్డ దెబ్బని ఒక్క స్పోకు మీద పడనీయకుండా చుట్టుపక్కల వాటికి పంచుతుంది. 80 కిలోలు దాటినవాళ్లు 480 గ్రాముల కంటే తక్కువ ఉన్న రిమ్ముని వెనక చక్రానికి వేసుకోకపోవడం మంచిది.  కంపెనీ పేరు కంటే, రైడరు, బైకు, సామాను కలిపి ఎంత మోయగలదో రాసిన అంకె చూడండి.

రిమ్ము లోతు (టైరు వైపు నుంచి హబ్బు వైపుకి ఉన్న ఎత్తు) గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 24 నుంచి 32 మి.మీ. లోతు అన్నిటికీ బాగుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన 23 కి.మీ. సైకిల్ ట్రాక్ లాంటి చోట, ఆగకుండా వేగంగా తొక్కేవాళ్లకి లోతైన రిమ్ము కొంత లాభిస్తుంది. ఈదురుగాలి వీచే సముద్రపు ఒడ్డు రోడ్ల మీద అదే లోతు ముందు చక్రాన్ని పక్కకి నెడుతుంది.

4. స్పోకులు ఎన్ని

రిమ్ములో రంధ్రాలూ హబ్బులో రంధ్రాలూ సమానంగా ఉండాలి. తెలిసిన విషయమే అయినా ఆర్డరు పెట్టే ముందు ఇంకోసారి చూసుకోండి. 70 కిలోల లోపువాళ్లకి ముందు 24, వెనక 28 చాలు. 70 నుంచి 90 వరకు ముందు 28, వెనక 32. అంతకు మించితే రెండూ 32, సామాను వేసుకుని టూర్లు వెళ్తే వెనక 36. మన పాత నల్ల సైకిళ్లకి ముందు 32, వెనక 40 స్పోకులు ఉండేవి. వెనక చక్రమే ఎక్కువ బరువు మోస్తుందని దాన్ని తయారుచేసినవాళ్లకి బాగా తెలుసు. రెడీమేడ్ చక్రాల్లో 20, 24 చూసి అవే సరిపోతాయని అనుకోకండి. స్పోకు ఒకటి తెగినా 32 స్పోకుల చక్రం కొద్దిగా బెండు పడుతుంది గానీ ఇంటికి చేరుస్తుంది. 20 స్పోకుల చక్రం అక్కడే బ్రేకుకి పట్టేసి ఆగిపోవచ్చు.

మన ఉదాహరణకి ముందు 28, వెనక 32 తీసుకుందాం.

5. హబ్బు: ఫ్లాంజ్ దూరాలు చూడకుండా కొనకండి

హబ్బు కొనేటప్పుడు అందరూ చూసేవి బరువు, రంగు, ఫ్రీహబ్ చప్పుడు. నేను ముందు చూసేది రెండు అంకెలు: హబ్బు మధ్య గీత నుంచి కుడి ఫ్లాంజ్ (స్పోకులు దూర్చే రంధ్రాలున్న అంచు) ఎంత దూరం, ఎడమ ఫ్లాంజ్ ఎంత దూరం. చక్రం ఆయుష్షు చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

వెనక హబ్బులో కుడి పక్క క్యాసెట్ కూర్చుంటుంది కాబట్టి ఆ వైపు ఫ్లాంజ్ లోపలికి జరిగిపోతుంది. 130 మి.మీ. హబ్బులో కుడి పక్క 17.5, ఎడమ పక్క 36 మి.మీ. ఉందనుకోండి. రిమ్ము సరిగ్గా మధ్యలో నిలబడాలంటే రెండు వైపుల పక్కలాగుడు సమానం కావాలి. కుడి స్పోకులు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి వాటికి ఎక్కువ టెన్షన్ (బిగువు) కావాలి, ఏటవాలుగా ఉన్న ఎడమ వాటికి తక్కువ చాలు. ఎంత తక్కువ అంటే 17.5ని 36తో భాగించండి, 49 శాతం వస్తుంది. కుడి పక్క 120 కిలోల టెన్షన్ పెడితే ఎడమ పక్క 58 కిలోలే ఉంటుంది.

చక్రం తిరిగేటప్పుడు నేలకి తగిలే చోట ఉన్న స్పోకుల టెన్షన్ ప్రతి చుట్టులోనూ ఒకసారి తగ్గి మళ్లీ పెరుగుతుంది. 28 టైరుతో 200 కి.మీ. తొక్కితే చక్రం సుమారు 93,600 సార్లు తిరుగుతుంది. ఎడమ స్పోకులు ముందే వదులుగా ఉంటే గుంతల్లో టెన్షన్ సున్నాకి వచ్చేస్తుంది. అలా వదులైన ప్రతిసారీ నిపుల్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) కొంచెం తిరిగే అవకాశం ఉంది, హబ్బు దగ్గర వంపు కొంచెం కదులుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఆ వంపు దగ్గరే స్పోకు తెగుతుంది. గేర్ల వైపు బలమంతా పడుతుంటే ఎడమవి ఎందుకు తెగుతున్నాయని అడిగేవాళ్లకి జవాబు ఇదే.

కాబట్టి కుడి దూరం 17 మి.మీ. కంటే తక్కువ ఉన్న హబ్బు వద్దు. ఎడమ దూరం మరీ ఎక్కువ ఉన్నదీ వద్దు. ఎడమ ఫ్లాంజ్‌ని బయటికి జరిపితే చక్రం పక్కలకి గట్టిగా ఉంటుందని కొందరు తయారీదారులు అలా చేస్తారు గానీ, ఎడమ టెన్షన్ ఇంకా పడిపోతుంది.

ఇక్కడ రిమ్ము కూడా సాయపడుతుంది. స్పోకు రంధ్రాలు మధ్యలో కాకుండా 2.5 మి.మీ. ఎడమకి జరిపిన ఆఫ్‌సెట్ రిమ్ములు దొరుకుతాయి. అదే హబ్బుకి దాన్ని వేస్తే లెక్క 20 బై 33.5 అవుతుంది, అంటే 60 శాతం. కుడి 120 ఉన్నప్పుడు ఎడమ 72. బరువు పెరగకుండా, ఖర్చు పెద్దగా పెరగకుండా 14 కిలోల టెన్షన్ లాభం. నేను వెనక చక్రానికి సలహా అడిగినవాళ్లందరికీ ముందు దీన్నే చూడమంటాను. డిస్క్ బైక్‌లో ముందు చక్రానికి కూడా రోటరు వల్ల ఎడమ ఫ్లాంజ్ లోపలికి జరుగుతుంది కాబట్టి, అక్కడ రంధ్రాలు కుడివైపుకి వచ్చేలా ఇదే రిమ్ముని తిప్పి వేస్తారు.

హబ్బు మామూలు వంపు స్పోకులు పట్టేదై ఉండాలి. స్ట్రెయిట్ పుల్ హబ్బులు (వంపు లేని స్పోకులు పట్టేవి) చూడ్డానికి బాగుంటాయి. కానీ బ్రెవే మధ్యలో చిన్న ఊళ్లో స్పోకు తెగితే, వంపు స్పోకుకైతే ఏదో ఒక షాపులో ఆసరా దొరకొచ్చు, స్ట్రెయిట్ పుల్‌కి దొరకదు.

6. బేరింగులు, ఫ్రీహబ్ బాడీ

షిమానో హబ్బుల్లో కప్పు, కోను, విడి బాల్స్ ఉంటాయి. ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్చి సరిగ్గా బిగిస్తే చాలా కాలం వస్తాయి. పట్టించుకోకపోతే కప్పు గుంటలు పడుతుంది, దాన్ని మార్చడం కష్టం. కాట్రిడ్జ్ బేరింగుల హబ్బులో అరిగితే బేరింగు తీసి కొత్తది కొట్టడమే. దాని మీద నంబరు ఉంటుంది. ఉదాహరణకి 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మి.మీ. ఎస్‌కేఎఫ్‌లో అదే బేరింగు 61902. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బేరింగుల షాపులో రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నది ఈ నంబరుతో అడగొచ్చు. కొనే ముందే హబ్బులో ఏ నంబర్లు ఉన్నాయో తెలుసుకోండి. మామూలు నంబర్లు కాకపోతే ఆ హబ్బు వదిలేయండి.

ఫ్రీహబ్ బాడీ అల్యూమినియం అయితే క్యాసెట్ పళ్లచక్రాలు దాంట్లోకి గాట్లు పెడతాయి, తర్వాత క్యాసెట్ ఊడదీయడమే పెద్ద పని అవుతుంది. ఉక్కు బాడీ, లేదా అల్యూమినియం బాడీ మీద ఉక్కు పట్టీ వేసినది మేలు. డీటీ స్విస్ 350 హబ్బులో రాచెట్ (ఒక వైపు తిప్పితేనే పట్టుకునే పళ్ల భాగం) చాలా సరళంగా ఉంటుంది. పెద్ద పనిముట్లు లేకుండానే చేత్తో లాగి తీసి శుభ్రం చేసుకోవచ్చు. 18 పళ్ల రాచెట్ 20 డిగ్రీలకి పట్టుకుంటుంది, 36 పళ్లది 10 డిగ్రీలకి. రోడ్డు మీద ఈ తేడా కోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు.

రాత్రిళ్లు తొక్కే 400, 600 కి.మీ. బ్రెవేల ఆలోచన ఉంటే ముందు చక్రానికి డైనమో హబ్బు (లైట్లకి కరెంటు తయారుచేసేది) గురించి ఇప్పుడే తేల్చుకోండి. తర్వాత మార్చాలంటే చక్రం మొత్తం విప్పి కట్టాలి.

అమెరికా నుంచి బంధువులు వస్తున్నప్పుడు తెప్పించుకునేవాళ్లకి ఒక మాట: హబ్బులు సూట్‌కేసులో సులువుగా పడతాయి. రిమ్ము అడ్డంగా 63 సెం.మీ. ఉంటుంది, పెట్టెలో పట్టదు. రిమ్ములు ఇక్కడే వెతకండి.

7. స్పోకులు, నిపుల్స్

కొసల్లో 2 మి.మీ., మధ్యలో 1.8కి సన్నబరిచిన స్పోకులు తీసుకోండి. డీటీ కాంపిటీషన్, సాపిమ్ రేస్ ఈ రకమే. సన్నని నడుము కొంచెం ఎక్కువ సాగుతుంది కాబట్టి దెబ్బ తగిలినా త్వరగా వదులవదు. వెనక ఎడమ పక్కకి మధ్యలో 1.5 ఉన్నవి వేస్తే ఆ తక్కువ టెన్షన్‌లోనూ ఇంకాస్త సాగి బిగువు నిలుపుకుంటాయి. నిపుల్స్ ఇత్తడివే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అల్యూమినియం నిపుల్స్ బిగుసుకుపోయి, బెండు తీయబోతే చిట్లిపోతాయి.

8. రిమ్ములు, హబ్బులు చేతికొచ్చాకే స్పోకులు ఆర్డరు పెట్టండి

స్పోకు పొడవుకి కావాల్సిన ముఖ్యమైన కొలత ఈఆర్‌డీ. రిమ్ముకి ఎదురెదురుగా ఉన్న నిపుల్స్‌లో స్పోకు కొసలు ఎక్కడికి రావాలో, ఆ రెండు చోట్ల మధ్య దూరం అది. కంపెనీ వెబ్‌సైటులోని అంకెని అలాగే నమ్మొద్దు. పొడవు తెలిసిన రెండు పాత స్పోకులకి నిపుల్స్ బిగించి, ఎదురెదురు రంధ్రాల్లో దూర్చి, బిగుతుగా లాగి మధ్య ఖాళీ కొలవండి. రెండు స్పోకుల పొడవు దానికి కలిపితే ఈఆర్‌డీ వస్తుంది. నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి.

ఈఆర్‌డీ 594, ఫ్లాంజ్ రంధ్రాల వలయం 45, దూరాలు 17.5, 36, ఫ్లాంజ్‌లోని స్పోకు రంధ్రం 2.5 మి.మీ., 32 స్పోకులు, మూడు క్రాసులు (ఒక్కో స్పోకు మూడు స్పోకుల్ని దాటడం) అని కాలిక్యులేటర్లో వేస్తే కుడి 288.4, ఎడమ 290.1 వస్తుంది. కాబట్టి 288, 290 కొంటారు. ఆఫ్‌సెట్ రిమ్ము అయితే ముందు చెప్పిన 2.5 మి.మీ. జరుగుడు కూడా వేయడం మర్చిపోకండి. ఒక్కో పొడవులో రెండు మూడు అదనంగా తీసుకుని ఇంట్లో ఉంచుకోండి.

9. కట్టించేటప్పుడు అడగాల్సినవి

కట్టేవారి దగ్గర టెన్షన్ మీటర్ ఉందా అడగండి. రిమ్ము తయారీదారు చెప్పిన గరిష్ఠ టెన్షన్ కాగితం మీద రాసి ఇవ్వండి, సాధారణంగా అది 100 నుంచి 120 కిలోల మధ్య ఉంటుంది. వెనక కుడి పక్క ఆ హద్దుకి దగ్గరగా ఉండాలి. ఒకే పక్క స్పోకుల మధ్య తేడా పది శాతం దాటకూడదు. బెండు లేకుండా చక్కగా తిరుగుతున్నంత మాత్రాన టెన్షన్ సమానంగా ఉందనుకోవద్దు. ఎక్కువ తక్కువ టెన్షన్లతో కూడా చక్రాన్ని తిన్నగా నిలబెట్టొచ్చు, అది కొన్ని వారాలే అలా ఉంటుంది.

చివర్లో పక్కపక్కనే ఉన్న స్పోకులని జతలుగా చేత్తో గట్టిగా నొక్కి సర్దారా అన్నది కూడా అడగండి. అది చేయకపోతే మొదటి రైడ్‌లో స్పోకులు టిక్కు టిక్కుమని సర్దుకుంటాయి, చక్రం కొద్దిగా బెండు పడుతుంది. 150, 200 కి.మీ. తొక్కాక ఒకసారి తీసుకెళ్లి టెన్షన్ మళ్లీ చూపించండి. ఆ అంకెలు ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే, ఏడాది తర్వాత ఏ స్పోకు వదులైందో పోల్చి చూడొచ్చు. రిమ్ము మార్చాల్సి వచ్చినప్పుడు అదే ఈఆర్‌డీ ఉన్నది దొరికితే, స్పోకులు బాగుంటే, పాత రిమ్ము పక్కనే కొత్తది టేపుతో కట్టి స్పోకులు ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. హబ్బు నుంచి ఒక్క స్పోకు కూడా విప్పక్కర్లేదు.